ఊకొట్టని శ్రోత: తెలుగు శ్రవ్యపుస్తకంలో వాచకుడి స్థానం - ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: తెలుగువారి కథాశ్రవణ సంప్రదాయం కథకుడికి బదులు పలికే శ్రోతను ఆధారం చేసుకుని పెరిగింది. గ్రామఫోను, రేడియో, క్యాసెట్, చరవాణి ఆ బదులును క్రమంగా తొలగించాయి. బదులు పలికే మనిషి ఎదుట లేనప్పుడు వాచకుడి గళంపై పడిన భారం ఎటువంటిది, ఆ గళం పాఠం అర్థాన్ని ఎట్లా మార్చింది అనే ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: శ్రవ్యపుస్తకం, వాచకుడు, కాకువు, ఒగ్గుకథ, రేడియో ప్రవచనం, మాండలికం.

ప్రవేశిక

తెలుగులో కథ వినడమంటే ఊకొట్టడం. పడుకోబోయే పిల్లలకు అమ్మమ్మ కథ చెబుతున్నప్పుడు 'ఊ' ఆగిన చోట కథ కూడా ఆగుతుంది. ఆ ఒక్క అక్షరం శ్రోత మేలుకొని ఉన్నాడని చెబుతుంది. కథ ఎంత వేగంగా నడవాలో, ఏ ఘట్టం దగ్గర నిలవాలో కూడా అదే నిర్ణయిస్తుంది. శ్రవ్యపుస్తకాన్ని గురించిన చర్చలు సాధారణంగా 'చదవడం గొప్పదా, వినడం గొప్పదా' అన్న ప్రశ్న దగ్గరే తిరుగుతుంటాయి. తెలుగు సందర్భంలో ఈ ప్రశ్నకు పెద్దగా బలం లేదు. ద్విపదలు పాడుకోవడానికి, పురాణాలు చెప్పించుకోవడానికి పుట్టిన భాషాసమాజంలో వినడం కొత్త విషయం కాదు. కొత్తది శ్రోత మౌనం. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకున్నవాడు ఎంత ఊకొట్టినా కథకుడికి వినబడదు. తెలుగు వాచకుల చరిత్రను ఈ కోణం నుంచి చూడవలసి ఉంది.

సుచిత్ర నుంచి రెండు దారులు

హైదరాబాదు ఉత్తరపు అంచున ఉన్న సుచిత్ర కూడలిని ఈ పరిశీలనకు ఆరంభస్థానంగా తీసుకోవచ్చు. ఇది నలభైనాలుగో జాతీయ రహదారి మీద ఉంది. చుట్టూ ఉన్న కాలనీలలో కోస్తా, రాయలసీమ, ఉత్తర తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి స్థిరపడినవారు ఇరుగుపొరుగున నివసిస్తున్నారు. ఒకే వీధిలో మూడు నాలుగు రకాల తెలుగు వినిపిస్తుంది. ఇక్కడి నుంచి తూర్పుగా అల్వాల్ మీదుగా రాజీవ్ రహదారి చేరి శామీర్‌పేట దాటి వెళితే కొమురవెల్లి మల్లన్న క్షేత్రానికి దారి తగులుతుంది. ఉత్తరంగా కొంపల్లి మీదుగా వెళితే మేడ్చల్, దాని పక్కనే అత్వెల్లి వస్తాయి. మొదటి దారి చివర ఒగ్గుకథ ఉంది. రెండో దారి మీద తెలుగు శ్రవ్యపుస్తక చరిత్రలో అనుకోని చోటు ఒకటి ఉంది. దాని ప్రస్తావన తరువాత వస్తుంది.

కొమురవెల్లిలో సంక్రాంతి మొదలు ఉగాది దాకా సాగే జాతరలో మల్లన్న కథ చెప్పే ఒగ్గు పూజారులు ఒంటరిగా కథ చెప్పరు. డోలు, తాళాల మధ్య ప్రధాన కథకుడు ఒక మాట అంటే పక్కనున్న వంతగాడు దాన్ని అందుకుంటాడు, ప్రశ్నిస్తాడు, ఎగతాళి చేస్తాడు, అర్థం కానట్టు నటించి మళ్ళీ చెప్పిస్తాడు. చుక్క సత్తయ్య, మిద్దె రాములు వంటి ప్రసిద్ధ కళాకారుల ప్రదర్శనలలో కథ ముందుకు నడిచింది ఈ సంవాదంతోనే. బుర్రకథలో ఈ పని ఇంకా స్పష్టంగా విభజన పొందింది. కథకుడికి ఒక పక్క హాస్యం, మరో పక్క రాజకీయం. షేక్ నాజర్ బుర్రకథకు తెచ్చిన శక్తిలో ఆ ఇద్దరు వంతల పాలు తక్కువది కాదు. జనంలో ఉన్న ఊకొట్టే శ్రోతకు వేదిక మీద నిలిచిన ప్రతినిధి వంతగాడు. శ్రోతకు కలిగే సందేహాన్ని శ్రోతకంటే ముందు పలికేవాడు అతడే. హరికథలో వంత లేదు. అందుకే ఆదిభట్ల నారాయణదాసు వంటి కథకుడు సంగీతం, అభినయం, పాండిత్యం, చమత్కారం అన్నిటినీ ఒక్క దేహంలోనే మోయవలసి వచ్చింది. ఒంటరి గళం ఎంత బరువు మోయగలదో ముందుగా చూపినది హరికథే.

లిఖితపాఠకుడు

సంస్కృత శాస్త్రకారులు గళాన్ని అలంకారంగా కాక అర్థభాగంగా లెక్కించారు. చతుర్విధాభినయాలలో వాచికానికి నాట్యశాస్త్రం ఇచ్చిన స్థానం తెలిసినదే. స్వరభేదంతో అర్థభేదం కలిగించే 'కాకువు' కూడా ఆ గ్రంథంలోనే చర్చకు వచ్చింది. రాజశేఖరుడు కావ్యమీమాంసలో ఏ ప్రాంతపువారు కావ్యాన్ని ఏ రీతిగా పఠిస్తారో వర్ణించాడు. అంటే యాస అనేది పఠనంలో తప్పించుకోలేని అంశమన్న స్పృహ వెయ్యేళ్ళ క్రితమే ఉన్నది. పాణినీయశిక్ష అధమ పాఠకులను ఆరు రకాలుగా చెబుతుంది. రాగం తీసేవాడు, తొందరపడేవాడు, తల ఊపేవాడు, అర్థం తెలియనివాడు, గొంతు పీలగా ఉన్నవాడు అందులో ఉన్నారు. వారితో పాటు రాసినదాన్ని చూసి చదివేవాడు కూడా ఉన్నాడు. ఈ లెక్కన నేటి శ్రవ్యపుస్తక వాచకుడు వృత్తిరీత్యానే దోషి. కాగితమో తెరో ఎదుట లేకుండా అతడి పని సాగదు. మంచి వాచకుడి నేర్పంతా చదువుతున్న సంగతిని చెవికి తెలియనివ్వకపోవడంలో ఉంది. తక్కిన దోషాలలో తొందర నేడు శ్రోత చేతికి వచ్చింది. ఒకటిన్నర రెట్ల వేగంతో వినే సౌకర్యం ఉన్నప్పుడు వాచకుడు ఎంతో ఆలోచించి నిలిపిన విరామం నిమిషాల లెక్కలో కరిగిపోతుంది.

ప్రసార గళాలు

ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫును రూపొందించి, మరుసటి ఏడు దాని ప్రయోజనాలను వివరిస్తూ చూపులేనివారి కోసం పలికే పుస్తకాలను కూడా పేర్కొన్నాడు. 1930లలో అమెరికా, బ్రిటన్‌లలో ఆ ఊహ కార్యరూపం దాల్చింది. తెలుగులో మాత్రం దీర్ఘకథను అదృశ్య గళం నుంచి వినడం జనానికి అలవాటు చేసింది రేడియో. మద్రాసు ఆకాశవాణి కేంద్రం 1938లో, విజయవాడ కేంద్రం 1948లో మొదలైనాయి. హైదరాబాదు చరిత్ర వేరు. ప్రైవేటుగా ఆరంభమైన ప్రసారాన్ని నిజాం ప్రభుత్వం 1935లో తన అధీనంలోకి తీసుకున్నది. దక్కన్ రేడియోలో ఉర్దూది పెద్దపీట. 1950లో అది ఆకాశవాణిలో విలీనమైంది. కనుక రేడియో తెలుగు ఒక ప్రమాణరూపం పొందుతున్న తొలి దశాబ్దంలో ఆ ప్రమాణాన్ని నిర్ణయించిన గళాలు ప్రధానంగా మద్రాసు నుంచి, తరువాత విజయవాడ నుంచి వచ్చాయి. ఈ కాలక్రమం చిన్న విషయంగా కనిపించవచ్చు. 'మంచి ఉచ్చారణ' అనే మాటకు నేటికీ తెలుగు వాచకుల ఎంపికలో ఉన్న అర్థానికి మూలం ఇందులో కొంత ఉంది.

రేడియో వాచకులలో ప్రత్యేకంగా నిలిచి చూడదగినవారు ఉషశ్రీ. పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు (1928-1990) ఆ కలం పేరుతో విజయవాడ కేంద్రం నుంచి రామాయణ భారతాలు చెప్పారు. ధర్మసందేహాలకు సమాధానాలిచ్చారు. పౌరాణికుల రాగయుక్త పఠనం ఆయన ఎంచుకోలేదు. ఇంటి అరుగు మీద కూర్చున్న మనిషితో మాట్లాడే ధోరణి ఆయనది. ఊకొట్టే శ్రోత లేని స్టూడియోలో ఆ శ్రోత ఉన్నట్టే వాక్యాన్ని విరవడం, ఎదుటివాడి సందేహాన్ని తానే ఎత్తి తానే తీర్చడం ఆయన పద్ధతి. అంటే వంతగాడు మాయం కాలేదు, కథకుడి గొంతులోకి వెళ్ళి కూర్చున్నాడు. శ్రోతల ఉత్తరాల ద్వారా సాగిన ధర్మసందేహాల కార్యక్రమాన్ని వారం ఆలస్యంగా చేరిన 'ఊ' అనుకుంటే తప్పు లేదు.

గళానికి అంటుకున్న సందర్భం

వాచకుడు పాఠాన్ని ఎంతగా మార్చగలడో చూపడానికి ఘంటసాల భగవద్గీతను మించిన ఉదాహరణ తెలుగులో లేదు. ఏడు వందల శ్లోకాలలోంచి ఎంపిక చేసినవాటిని ఆయన పాడి, తాత్పర్యాన్ని తెలుగు వచనంలో పలికారు. 1974లో ఆయన మరణించిన తరువాత హెచ్.ఎం.వి. రికార్డు విడుదలైంది. పాడే ఘంటసాల, పలికే ఘంటసాల ఒక్కరే అయినా రెండు గళాలు వేరువేరుగా వినిపిస్తాయి. శ్లోకంలో ఎగసిన స్వరం తాత్పర్యంలో దిగి, నిదానించి, ఉపదేశస్వరంగా మారుతుంది. సంస్కృతం తెలియని లక్షలమందికి గీత అంటే ఈ దిగిన స్వరమే.

ఆ గళం వైకుంఠ రథాలకు, మరణించినవారి ఇళ్ళకు చేరింది. యుద్ధం చేయమని చెప్పిన గ్రంథం తెలుగు సమాజంలో మృత్యువార్తగా మారింది. వీధి చివర అది వినబడితే ఎవరు పోయారని అడగడం సర్వసాధారణమైంది. ఉదయం ఇంట్లో పెట్టడానికి జంకేవారు కూడా ఉన్నారు. ఇందులో వ్యాసుడి పాత్ర లేదు, అనువాదం చేసిన పని కూడా లేదు. అచ్చు గీతను బల్లమీద చూసి ఎవరూ ఉలిక్కిపడరు. ఆ అర్థం కేవలం గళానికి అంటుకున్నది. ముద్రిత పాఠాన్ని మాత్రమే ఆధారంగా గ్రహణసిద్ధాంతం చెప్పే పరిశోధకుడు ఈ దృగ్విషయాన్ని దాటవేయక తప్పదు. అది పరిశోధనలో పెద్ద లోటు.

రచయిత గళం, పరాయి గళం

1981లో లండన్‌లో గూటాల కృష్ణమూర్తి మహాప్రస్థానాన్ని శ్రీశ్రీ చేతిరాతతో ప్రచురించి, కవి స్వయంగా చదివిన క్యాసెట్‌ను జతచేశారు. ఒకే కావ్యానికి కవి చేతిరాత, కవి గొంతు రెండూ సాక్ష్యాలుగా నిలిచిన అరుదైన సందర్భమిది. శ్రీశ్రీ గొంతు శిక్షణ పొందిన వాచకుడి గొంతు కాదు. సభల్లో, సినిమాల్లో ఆ గీతాలను ఉద్రేకంతో పలికిన గళాలకు అలవాటుపడినవారికి అది చప్పగా తోచినా ఆశ్చర్యం లేదు. అయితే మాత్రాగణాల నడక ఎక్కడ విరగాలో నిర్ణయించే హక్కు ఆ గొంతుకు ఉంది. ఛందోవిశ్లేషణ చేసేవారు అచ్చుప్రతితో పాటు ఆ ధ్వనిముద్రణను కూడా పాఠంగా స్వీకరించాలి.

దీనికి ఎదురుగా నిలిచేది ముళ్ళపూడి వెంకటరమణ 'కోతి కొమ్మచ్చి'. సుచిత్ర నుంచి ఉత్తరపు దారి మీద అత్వెల్లిలో టీకాల పరిశ్రమ శాంతా బయోటెక్నిక్స్ వెలసింది. దాని స్థాపకులు కె.ఐ. వరప్రసాదరెడ్డి హాస్యం, సంగీతం మీది మక్కువతో 'హాసం' పత్రికను, తరువాత హాసం ప్రచురణలను నిలబెట్టారు. వారపత్రికలో ధారావాహికగా వచ్చిన రమణ ఆత్మకథ 2009లో ఆ ప్రచురణగా పుస్తకమైంది. దానికి శ్రవ్యరూపం ఇచ్చిన గళం ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యానిది. రమణ వచనం రాతలో ఉన్న మాట. పేరుకు తగినట్టు కొమ్మ నుంచి కొమ్మకు దూకుతుంది, కాలక్రమాన్ని లెక్కచేయదు. అటువంటి వచనానికి ఎన్నో పాత్రలకు గాత్రదానం చేసిన నేర్పరి అవసరమే. కానీ ధవళేశ్వరంలో పుట్టిన రమణ 'నేను' నెల్లూరు నుంచి వచ్చిన బాలు గొంతులో పలికినప్పుడు శ్రోతకు ఇద్దరు మనుషులు కనిపిస్తారు. రమణ కష్టాన్ని నవ్వుతూ చెప్పిన చోట్ల బాలు గొంతులోని ఆర్ద్రత ఆ నవ్వు వెనక ఉన్నదాన్ని పైకి తెస్తుంది. రాతలో దాగిన దుఃఖాన్ని గళం బయటపెట్టడం లాభమా నష్టమా? రమణ సంయమనాన్ని ఇష్టపడే పాఠకుడికి అది కొంత నష్టమే. తొలిసారి రమణను చెవితో కలిసినవారికి మాత్రం ఆ ఆర్ద్రతే రమణ.

ఎవరి తెలుగు?

సుచిత్ర వంటి బహుళ యాసల పరిసరంలో నేడు చరవాణి అనువర్తనాల ద్వారా తెలుగు కథలు, నవలలు వినడం సులభమైంది. దాసుభాషితం వంటివి తెలుగు సాహిత్యానికే ప్రత్యేకించిన వేదికలు. ఇక్కడ రేడియో నాటి ప్రమాణం మళ్ళీ ఎదురవుతుంది. యశోదారెడ్డి 'మా ఊరి ముచ్చట్లు' (1973) పాలమూరు పల్లె పలుకుతో సాగే కథనం. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్ళు' నవలలో కథనం ఒక భాష, పాత్రల మాట ఇంకో భాష. రెండో పుస్తకాన్ని ప్రమాణ ఉచ్చారణ గల వాచకుడు చదివితే కథనం వరకు ఇబ్బంది ఉండదు. సంభాషణ దగ్గరకు వచ్చేసరికి యాసను అనుకరించవలసి వస్తుంది. సినిమాలలో తెలంగాణ మాటను హాస్యానికో దుష్టపాత్రకో వాడుకున్న చరిత్ర వెనక ఉన్నందున ఆ అనుకరణ అమాయకమైనది కాదు. మొదటి పుస్తకంలో అనుకరణకు కూడా చోటు లేదు, ఎందుకంటే అందులో మాండలికం పాత్రది కాదు, కథకురాలిదే. అచ్చులో 'పోయిండు', 'వచ్చిన్రు' అన్న క్రియారూపాలు కనిపిస్తాయి. వాటి చివర స్వరం ఎంత సాగుతుందో, ఎక్కడ ఊనిక పడుతుందో లిపి చెప్పదు. ఆ లోటును తీర్చగల శక్తి శ్రవ్యపుస్తకానికే ఉంది. వాచకుడు సరిగా లేకపోతే ఆ లోటును శాశ్వతం చేసే శక్తి కూడా దానిదే. బడిలో నేర్పే తెలుగుకు, జనం పలికే తెలుగుకు మధ్య కాళోజీ లేవనెత్తిన తగవు లిపిలో సగమే పరిష్కారమైంది. మిగిలిన సగం వాచకుల ఎంపికలో ఉంది.

చూపులేని పాఠకుడు

పై చర్చ అంతా గళం రుచి తెలిసిన శ్రోతను ఊహించుకుని సాగింది. ఆ ఊహను సవరించవలసిన శ్రోత ఒకరున్నారు. 2012లో సవరించిన కాపీరైటు చట్టం వికలాంగులకు అందుబాటులో ఉండే రూపాల తయారీకి మినహాయింపునిచ్చింది. 2014లో భారతదేశం మర్రాకేష్ ఒప్పందాన్ని అన్ని దేశాలకంటే ముందుగా ధ్రువీకరించింది. చట్టం దారి తెరిచినా తెలుగు విమర్శ, వ్యాకరణం, పరిశోధన గ్రంథాలను గళంతో చదివించి పెట్టేవారు తక్కువ. వాణిజ్య వేదికలకు నవలతో ఉన్న అవసరం బాలవ్యాకరణంతో ఉండదు. అందువల్ల చూపులేని తెలుగు విద్యార్థికి ఈస్పీక్ వంటి యంత్రగళమే దిక్కవుతున్నది. ఆ గళానికి కాకువు లేదు, విరామస్పృహ లేదు. సంధి కలిసిన దీర్ఘసమాసాన్ని, చిన్న మాటను ఒకే తీరుగా పలుకుతుంది.

అయినా ఆ గళంలో ఒక సదుపాయం ఉంది. అది దేనినీ వ్యాఖ్యానించదు. వేగం పెంచి వినడానికి అలవాటుపడిన పరిశోధకుడికి వాచకుడి నటన తన ఆలోచనకు అడ్డుగా తోచవచ్చు. ఒక వాక్యాన్ని ఎట్లా అర్థం చేసుకోవాలో ఎవరూ గొంతుతో సూచించని చోట, కళ్ళతో చదివే పాఠకుడికి ఉన్న స్వేచ్ఛ అతడికీ దక్కుతుంది. సిద్ధాంతగ్రంథానికి ఈ నిర్వికార గళం సరిపోతుంది. అదే యంత్రం 'మా ఊరి ముచ్చట్లు' చదివితే పాలమూరు క్రియలు వార్తల క్రియల్లా వినిపిస్తాయి. ఆ పుస్తకానికి ఆ నేల మీద ఊకొట్టి పెరిగిన గొంతు కావాలి.