కొండ ప్రయాణమున ఆగు చోటు

హిమాలయములలో శీతకాల ప్రయాణము తలపెట్టు అనుభవజ్ఞులు ఎక్కు దారితోబాటు ఆగు చోటును విచారింతురు. 30 మొదలు 45 డిగ్రీల వాలు గల చరియలపై క్రొత్తగా పడిన మంచు అడుగుపొరతో అతుకుకొనక, ఒక్కపెట్టున పలకవలె విరిగి జారును. కావున అట్టి వాలు క్రింద గుడారము వేయరు. మంచు విస్తారముగా పడిన మరునాడు దానిని దాటరు. తప్పనిసరియైన ఒక్కొక్కరుగా దాటుదురు. మన గంజాం సీమలో మంచుచరియలు లేవు. అయినను ఆగు చోటును గూర్చిన ఈ విచారము మన కొండల చరిత్రలోనూ కలదు.

1835లో ఘుమసర జమీందారు ధనంజయ భంజుడు శిస్తు బకాయి తగవున కొండలకు పోగా, కుంపిణీ సేనలు నవంబరులో వెంట నడచినవి. చలికాలము, ఎండ బాధ లేదు; ప్రయాణమునకు మంచి ఋతువని ఎవరైనను అందురు. కాని కొండజ్వరము సిపాయిలను, దొరలను గూడ మంచమున పడవైచెను. సేనలు 1836లో వెనుదిరిగి, ఆ సంవత్సరాంతమున మరల వెళ్లవలసివచ్చెను. ఆ వ్యవహారమునకు పెద్దయైన రస్సెల్ దొర పేరున వెలసిన రస్సెల్‌కొండయే నేటి భంజనగరము. (1815 నాటి జ్వరమునకు వెరచి జిల్లా కచ్చేరీయే గంజాం పట్టణమును విడిచెను. గుమాస్తాగిరి చేసిన మాకు ఆ కథపై మక్కువ మెండు. అది వేరొక సంచికకు.)

జ్వరమునకు చెడుగాలి కారణమని నాటి వైద్యుల తలంపు. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపున మలేరియా క్రిమిని కనుగొనెను. కొండ అడుగున సెలయేటి ప్రక్కల పెరుగు దోమ రాత్రివేళ కుట్టును. దండు విడియునదియు నీటి సదుపాయము చూచి ఆ ఏటియొడ్డుననే గదా! ఋతువు మంచిదే, బస చెడ్డది.

ఇక మన కాలపు మాట. 2018 అక్టోబరు 11న, దసరా నవరాత్రులలో, తిత్లీ తుఫాను పలాస యొద్ద తీరము దాటెను. 1992 వరకు మన గంజాములోనిదే యైన గజపతి జిల్లాలో బరఘర గ్రామస్థులు వానకు వెరచి కొండగుహలో తలదాచుకొనగా, చరియ విరిగిపడి 10 మందికి పైగా మరణించిరి. వారు ఏమరియుండలేదు, రక్షణ కోరియే అచ్చటికి చేరిరి. తడి తిన్న మట్టివాలునకును, బరువెక్కిన మంచువాలునకును ఈ విషయమున భేదము లేదు.

తుఫానుల వెంటనే మనకు కార్తికము వచ్చును. బరంపురపు తెలుగు కుటుంబములు పిల్లలతో వనభోజనములకు కొండల వైపు బయలుదేరును. శివరాత్రికి 1501 మీటర్ల మహేంద్రగిరి ఉండనే యున్నది. పులిహోర, దుప్పట్లు, వాహనపు బాడుగ అన్నియు ముందే లెక్క చూచుకొందుము. చీకటిపడిన ఎచ్చట ఆగుదుము, ఆ చోటికి పైనున్న వాలు ఎట్టిది, మొన్నటి వాన ఎంత, పొగమంచు క్రమ్మిన ఘాటు దిగక పైనే నిలుచుటకు వసతి కలదా అని బయలుదేరకముందే కొండ ఊరివారిని అడుగవలెను. ముసురు పట్టినదని వారు చెప్పినచో, పులిహోర మన పెరటి ఉసిరిచెట్టు క్రిందనే తినవచ్చును.