బాన్సువాడ ప్రాంతములో జోగిని ఆచారము

బాన్సువాడ అనగానే 1931లో పూర్తయిన నిజాంసాగరు, దాని కాలువల క్రింది వరి పైర్లు మనకు గుర్తుకు వస్తాయి. ఆ మళ్ళలో నాట్లు వేసిన దళిత కుటుంబాలలో ఒక ఆచారము తరతరాలుగా నడిచింది. ఇంట జబ్బు చేసినా, మగసంతానము లేకపోయినా, ఎల్లమ్మకో పోచమ్మకో మొక్కి, ఊహ తెలియని ఆడపిల్లను దేవతకు వదిలేవారు. మెడలో తాళి కట్టేవారు. కాదనగల వయస్సు వచ్చేసరికి ఆమెకు పెండ్లి దారి మూసుకొని పోయేది. దేవత పేరు చెప్పి ఆమెను అనుభవించినది ఊరి మోతుబరులు. ఆమె పిల్లలకు బడిలో తండ్రి పేరు వ్రాయించడమే కష్టము.

కన్నవారిని కర్కశులని తేలికగా అనలేము. మొక్కు తీర్చకపోతే కీడు తప్పదని వారు నిజముగానే భయపడ్డారు.

కర్నూలు, అనంతపురములలో ఇదే బసివి, చిత్తూరులో మాతమ్మ. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి గారి కృషి ఫలితముగా మదరాసు రాష్ట్రములో 1947లోనే చట్టము వచ్చినా, నిజాము పాలనలోని మన ప్రాంతానికి అది వర్తించలేదు. ఆంధ్రప్రదేశ్ శాసనము 1988లో గాని రాలేదు. అది దేవతకు అంకితము చేయడాన్ని నేరమన్నది. అట్టి స్త్రీ చేసుకొనే వివాహము చెల్లుతుందనీ అన్నది. నాకు ఈ రెండవ మాటే పెద్దదిగా తోస్తుంది.

నిజామాబాదు జిల్లాలో జోగినుల పునరావాసానికి చెల్లి నిలయము నడిపిన హేమలతా లవణం గారు (1932–2008) కవి గుఱ్ఱం జాషువా కుమార్తె, నాస్తికుడైన గోరా గారి కోడలు. మన సంఘస్థులు ఇందుకు నొచ్చుకోనక్కరలేదు. ఆ ఆడపిల్లల తలుపు తట్టినవారిలో ఆమె ముందున్నారు.