ఓటు పద్ధతీ, ప్రజల నడతా

ఓటు పద్ధతి ప్రజాభిప్రాయాన్ని కొలిచే కుంచం మాత్రమేననీ, కుంచం మారితే రాశి మారదనీ భావించేవారు మనలో ఉన్నారు. కాని మనుషులు వడ్లగింజలు కారు. పద్ధతిని బట్టి వారి నడత రూపుదిద్దుకుంటుంది. ఇందుకు తెలంగాణాలోనే రెండు నిదర్శనాలున్నాయి.

మొదటిది 1996 నాటి నల్లగొండ. ఫ్లోరైడు నీటితో ఎముకలు వంగిపోయిన ప్రాంతమది. 1951 చట్టం ప్రకారం లోక్‌సభ అభ్యర్థి కట్టవలసిన ధరావతు 500 రూపాయలే. జలసాధన సమితి ఈ వెసులుబాటునే ఆయుధంగా మలచుకొంది. 480 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమయింది. పోలింగు వాయిదా పడింది. చివరకు గెలిచినవారు కమ్యూనిస్టు నాయకుడు ధర్మభిక్షం. ఆ యేడే తమిళనాడులోని మొడకురిచి శాసనసభ స్థానానికి 1,033 మంది పోటీచేశారు. పాలకులు గ్రహించిన గుణపాఠమేమిటి? కంచె ఎత్తు పెంచడం. అదే సంవత్సరం ధరావతు 10,000 రూపాయలయింది; గుర్తింపు పొందిన పార్టీ అండ లేనివారికి పదిమంది ప్రతిపాదకులు అవసరమయ్యారు.

రెండవది 2019 నాటి నిజామాబాదు. నేనుండే బాసరలో గోదావరి దాటితే ఆ జిల్లాయే. అప్పటికి ధరావతు 25,000. అయినా పసుపు బోర్డూ, మద్దతు ధరా కావాలంటూ 178 మంది రైతులు నిలిచారు. మొత్తం అభ్యర్థులు 185. ఒక్కొక్క ఓటు యూనిట్‌లో పదహారు మీటలే ఉంటాయి గనుక పోలింగు కేంద్రానికి పన్నెండేసి అమర్చవలసి వచ్చింది. సిట్టింగు సభ్యురాలు, ముఖ్యమంత్రి కుమార్తె కవిత ఓడారు. భాజపా అభ్యర్థి గెలిచారు. 2025 జనవరిలో నిజామాబాదులో జాతీయ పసుపు బోర్డు ప్రారంభమయింది. ఆ పోటీ ఒక్కటే దానికి కారణమని నేననను.

ఎక్కువ ఓట్లు వచ్చిన ఒక్కడే గెలిచే పద్ధతిలో 178 పేర్లు ఒకదాని ఓట్లను మరొకటి చీల్చుకోక తప్పదు. గెలుపే లక్ష్యమైతే రైతులు ఒక్కరినే నిలిపి ఉండేవారు. వారు అభ్యర్థుల పట్టికనే అర్జీగా మార్చారు. తమ మాట వినిపించుకొనే దారి మరొకటి కానరానప్పుడు ప్రజలు చేసే పని ఇదే.

అయితే మనం అడగవలసిన ప్రశ్న మరొకటుంది. 25,000 రూపాయల కంచెను చేనుగల రైతు ఎలాగో దాటగలిగాడు. ఆ చేలో పసుపు తవ్విన కూలీ దాటగలడా? షెడ్యూల్డు కులాల, తెగల వారికి ఆ మొత్తం సగమే. కాని ఆ సగమైనా ఆ ఇంట ఉంటుందా? ధరావతు కొలిచేది అభ్యర్థి చిత్తశుద్ధిని కాదు, అతని సంచిని. అధిక ధరావతు ధిక్కారాన్ని ఆపలేకపోయింది. ధిక్కరించగలవాడెవడో మాత్రం నిర్ణయించింది.

కనుక ఎన్నికల చరిత్ర చదివే విద్యార్థి ఫలితాలకంటె ముందు నిబంధనలను చదవాలి. ఎవరు గెలిచారన్నది ఫలితాలు చెబుతాయి. ఎవరి గొంతు బరిలోకే రాలేదో తెలిపేవి నిబంధనలే.