కారవడి సన్నాయి, కావేరి బాణీ

పర్చూరు, చిలకలూరిపేట, ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి పల్లెల్లో పెళ్ళి జరిగినా, గుళ్ళో కల్యాణం జరిగినా సన్నాయి ఊదేవారిలో ముస్లిం కుటుంబాలవారు తరతరాలుగా ఉన్నారు. రాముడి గుడి ముందు కూర్చుని త్యాగరాజ కీర్తన పలికించడం వాళ్ళ ఇంటి విద్య. ఆ విద్యను కావేరి ఒడ్డుకు తీసుకెళ్ళి, అక్కడివాళ్ళకే గురువై కూర్చున్నవారు షేక్ చినమౌలానా.

ఆయన 1924లో ఒంగోలు దగ్గర కారవడిలో పుట్టారు. తొలి పాఠాలు తండ్రి కాసిం సాహెబ్ చెప్పారు. ఆ తర్వాత చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర శిష్యరికం చేశారు. అక్కడితో ఆగినా మన జిల్లాల్లో పేరున్న విద్వాంసుడిగా బతికేవారే. కానీ తంజావూరు బాణీ నాదస్వర విద్వాంసుడు టి.ఎన్. రాజరత్నం పిళ్ళై వాదనం ఆయన మనసును పట్టి లాగింది. నాచ్చియార్‌కోయిల్ సోదరులు రాజం, దురైకణ్ణుల దగ్గర చేరి ఆ బాణీకి మళ్ళీ మొదటినుంచీ సాధన చేశారు.

ఆ సాధన ఎంత కష్టమో వాద్యాన్ని దగ్గరగా చూస్తే తెలుస్తుంది. నాదస్వరానికి వేళ్ళాడించే రంధ్రాలు ఏడే. స్వరాల మధ్య జారుళ్ళూ గమకాలూ పలకాలంటే పెదవి బిగువు, ఊపిరి అదుపు కావాలి. రెల్లుతో చేసిన పీక తడి ఆరితే మొండికేస్తుంది. అందుకే అదనపు పీకలు దారానికి కట్టి వాద్యానికే వేలాడదీసుకుంటారు. రాజరత్నం పిళ్ళై కాలంలో పొట్టి ‘తిమిరి’ స్థానంలోకి పొడవైన ‘బారి’ వచ్చాక శ్రుతి తగ్గింది, ఊపిరి మీద బరువు పెరిగింది. రాగాన్ని తొందర లేకుండా, గంటల తరబడి విప్పే ఆ బాణీకి దమ్ము, ఓపిక రెండూ కావాలి.

1960ల్లో చినమౌలానా శ్రీరంగంలో స్థిరపడ్డారు. నాదస్వర ఆలాపన కోసం వీధిలో అర్ధరాత్రి దాకా నిలబడే శ్రోతలు ఆ సీమలో ఉన్నారు. మన వైపు ఈ వాద్యాన్ని ముహూర్తం వేళ గట్టిమేళానికే సరిపెట్టాం. ఆయన వలసకు ఇదే అసలు కారణమని నా నమ్మకం. అక్కడ మేళానికి నాయకుడంటే కచేరీ మొత్తాన్ని నడిపించేవాడు. జంట సన్నాయికి వరస ఎక్కడ అందించాలో, డోలుకు తని ఆవర్తనం ఎప్పుడు వదలాలో ఆ నాయకుడే తేల్చాలి.

1976లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఆయనకు దక్కాయి. మరుసటి ఏడాదే కన్నుమూశారు. బిరుదులకన్నా నాకు గొప్పగా కనిపించేది శ్రీరంగంలో ఆయన పెట్టిన శారదా నాదస్వర సంగీత ఆశ్రమం. మనవలు కాసిం, బాబు ఆయన దగ్గరే తయారయ్యారు. తెలుగు నేల నుంచి వెళ్ళిన మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులూ అక్కడే నేర్చుకున్నారు. ఆడవాళ్ళు అరుదుగా పట్టే ఆ వాద్యాన్ని కాలీషాబీ భర్తతో సమానంగా ఊదారు. 2020లో ఆ జంటకు పద్మశ్రీ వచ్చింది, తమిళనాడు కళాకారులుగా.