వేలికి తగిలే నాడి

జొన్నాడ వంతెన దిగి ఆలమూరు వైపు తిరిగేటప్పుడు ముందు బ్రేకు పట్టుకున్నాను. లివరు నా రెండు వేళ్లనూ మెల్లగా తోసి, వదిలి, మళ్లీ తోసింది. చక్రం ఒక్కో చుట్టుకీ ఒక్కో తోపు. వేగం తగ్గేకొద్దీ ఆ తోపులూ నెమ్మదించాయి. మణికట్టు మీద వేళ్లానించి నాడి చూస్తారే, అచ్చం అలా ఉంది. ఊళ్లో షెడ్డుకి తీసుకెళ్తే మెకానిక్కు ఓ రౌండు వేసొచ్చి, "ఆయ్, డిస్కు వంగిపోయిందండి మాస్టారూ. మార్చేయడమే" అన్నాడు.

ఆ మాట ఆలమూరు నుంచి అమలాపురం దాకా ఏ షెడ్డులోనైనా వినపడుతుంది. అందులో నిజం ఎంతో తెలియాలంటే ఈ బ్రేకు ఎలా పుట్టిందో కొంచెం చెప్పుకోవాలి.

1902లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ అనే ఇంజనీరు డిస్కు బ్రేకుకి పేటెంటు తీసుకున్నాడు. చక్రంతో పాటు తిరిగే పళ్లేన్ని రెండు పక్కలా దవడల్లాంటివి నొక్కి ఆపాలన్నది ఊహ. ఊహలో లోపం లేదు. కానీ దవడలకి ఆయన పెట్టింది రాగి. నొక్కితే వీధంతా వినపడేలా కీచుమనేది, దుమ్ము రోడ్ల మీద ఇట్టే అరిగిపోయేది. ఆ లోటు తీర్చే పని హెర్బర్ట్ ఫ్రూడ్ అనే మరో ఇంగ్లీషాయన వల్ల అప్పటికే మొదలైంది. కొండదారుల్లో గుర్రబ్బండ్లవాళ్లు పాత బూట్లను చక్రాలకి అదిమి బండి ఆపడం చూసి, 1897లో ఆయన బ్రేకు దిమ్మల తయారీకి దిగాడని చెబుతారు. ఫెరోడో కంపెనీ అలా పుట్టింది. తర్వాత ఆస్బెస్టాస్ నారతో చేసిన లైనింగులు వచ్చాయి. అవి బ్రేకుల మోత తగ్గించాయి, వేడిని ఓర్చుకున్నాయి. ఆ నార ఊపిరితిత్తులకి ఎంత చేటో లోకానికి తెలిసి దాన్ని వదిలించుకోవడానికి దశాబ్దాలు పట్టింది.

నాకు ఈ కథలో ముఖ్యంగా తోచేది ఇదే: పళ్లెం ఎప్పుడో సిద్ధమైంది, దాన్ని పట్టుకునే ప్యాడు కోసమే బ్రేకు ఎదురు చూసింది.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో విమానాలకి డిస్కులు కుదిరాయి. 1953లో ఫ్రాన్సులో, లె మాన్స్ ఇరవై నాలుగు గంటల పందెంలో, డన్‌లప్ డిస్కులు బిగించిన జాగ్వార్ కారు గెలిచాక రోడ్డు కార్లవాళ్ల చూపు కూడా ఇటు మళ్లింది. రెండు చక్రాల బండికి వచ్చేసరికి 1962లో ఇటలీ లాంబ్రెట్టా తన టీవీ175 స్కూటరుకి ముందు డిస్కు పెట్టింది. అదీ కేబులుతో లాగేదే. మన హైదరాబాదు ఆల్విన్ పుష్పక్ స్కూటరు ఆ లాంబ్రెట్టా వంశమే అయినా డ్రమ్ము బ్రేకుతోనే బతికింది. ఆయిలు ఒత్తిడితో పనిచేసే డిస్కుని 1969లో హోండా సీబీ750 పెద్ద ఎత్తున అమ్మకానికి తెచ్చింది. తుప్పు పట్టకుండా డిస్కుని స్టెయిన్‌లెస్ ఉక్కుతో చేసే అలవాటు జపాను బళ్లతో వచ్చింది. అప్పటి ప్యాడ్లతో దానికి వానలో పొత్తు కుదరలేదు. లివరు నొక్కిన క్షణానికి గాని పట్టు దొరికేది కాదు. లోహపు పొడిని వేడితో గట్టిపరిచి చేసిన ప్యాడ్లు వచ్చాక ఆ బెడద తగ్గింది. అప్పుడూ గట్టెక్కించింది ప్యాడే.

మన దగ్గర 1999లో హీరో హోండా సీబీజడ్, 2001లో బజాజ్ పల్సర్ కుర్రాళ్లకి ముందు డిస్కుని పరిచయం చేశాయి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరైంది. ఇక్కడొక మాట. కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం అంచున గట్టిగా బ్రేకు వేస్తే ఏబీఎస్ బండి లివరు గబగబా అదురుతుంది. అది జబ్బు కాదు, చక్రం జారకుండా అది చేసే పని. మెత్తగా నొక్కినా, మంచి రోడ్డు మీదైనా, చుట్టు చుట్టుకీ లయగా తోసేదే మనం వెతికే నాడి.

మళ్లీ షెడ్డుకి వద్దాం. బండిని సెంటర్ స్టాండు వేసి ముందు చక్రం పైకి లేపించాను. ఓ తీగముక్కని ఫోర్కుకి కట్టి, దాని కొస డిస్కుకి తగిలీ తగలనట్టు ఉంచి చక్రం తిప్పాం. డిస్కు వంగి ఉంటే చుట్టులో ఒకచోట కొస దూరం జరగాలి, ఇంకోచోట గీసుకోవాలి. కంటికి అలాంటిదేమీ కనపడలేదు. అయినా ప్యాడ్లని పట్టి ఉంచే ఇలాంటి క్యాలిపరు పిన్నుల మీద అటూ ఇటూ జరుగుతుంది. పిన్నులు బిగుసుకోకపోతే డిస్కు కొద్దిగా ఊగినా దానితో పాటు తనూ ఊగి సర్దుకుంటుంది. మందంలో తేడాని మాత్రం అది సర్దలేదు. మందమైన చోటు వచ్చినప్పుడు ప్యాడ్లు విడిపోతాయి, పిస్టను లోపలికి పోతుంది, ఆయిలు వెనక్కి తన్ని లివరుని తోస్తుంది. లెక్క వేసి చూడండి. క్యాలిపరు పిస్టను 30 మిల్లీమీటర్లు, పైన మాస్టర్ సిలిండరు 11 మిల్లీమీటర్లు అనుకుంటే వైశాల్యంలో ఏడు రెట్ల పైచిలుకు తేడా. లివరు ఇంకో అయిదు రెట్లు పెంచుతుంది. అంటే డిస్కు మందంలో 0.05 మిల్లీమీటరు తేడా, తలవెంట్రుక పాటి కూడా లేనిది, వేలి దగ్గర దాదాపు 2 మిల్లీమీటర్లవుతుంది. కంటికి కనపడనిది వేలికి దొరుకుతుంది.

మండపేటలో లేతు పనిచేసే తెలిసినాయన దగ్గర మైక్రోమీటరు అడిగి తెచ్చి ఎనిమిది చోట్ల కొలిచాం. ఏడు చోట్ల ఒకటే కొలత. ఎనిమిదో చోట అర తలవెంట్రుక పాటి ఎక్కువ. అక్కడ వెలుతురు ఏటవాలుగా పడేలా చూస్తే ప్యాడు ఆకారంలోనే నల్లటి మరక.

అప్పుడు గుర్తొచ్చింది. రావులపాలెం నుంచి రెండు అరటి గెలలు కట్టుకుని, వెనక మా తమ్ముడు కూర్చుని వస్తున్న రోజు, వంతెన దిగే వాలులో లారీలు ఆగిపోయాయి. వేడెక్కిన బ్రేకుని లివరు వదలకుండా పావుగంట పట్టుకుని నిలబడ్డాను. ప్యాడు తన పదార్థాన్ని డిస్కుకి అచ్చు వేసింది.

డిస్కు విప్పి, హబ్బు మీద అది కూర్చునే చోట బురద, తుప్పు గీకేశాం. రెండు ముఖాల్నీ ఎమ్రీ కాగితంతో గుండ్రంగా రుద్ది, ప్యాడ్ల మెరుపు తీసేసి, సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాం. మెకానిక్కు బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాడు. డిస్కు మీద అచ్చొత్తిన కనీస మందం 3.5, మాది ఇంకా 3.9 ఉంది. ఖాళీగా ఉన్న గట్టు రోడ్డు మీద యాభై వేగం నుంచి పదికి ఇరవైసార్లు తగ్గించాను. ఎక్కడా పూర్తిగా ఆగి లివరు పట్టుకోలేదు. పదోసారికే నాడి సన్నగిల్లింది, చివరికి పోయింది.

కొన్ని డిస్కులు నిజంగానే వంగుతాయి. ఆ వారమే షెడ్డుకి వచ్చిన మరో బండికి తీగ కొస ఒకచోట గీసుకుంది. ఎక్కడో పంచరు వేసేటప్పుడు చక్రాన్ని డిస్కు వైపు నేలకానించి కాలితో తొక్కి టైరు ఊడదీశారట. దానికి కొత్త డిస్కే వేయాల్సి వచ్చింది.

మా మెకానిక్కు ఆ తీగముక్కని షెడ్డు స్తంభానికి మేకు కొట్టి తగిలించాడు. చక్రం విప్పితే ఇప్పుడు పాత టైరు మీద, డిస్కు పైకి ఉండేలా పడుకోబెడుతున్నాడు.