స్వభావము – మెదడులోని రసాయనములు

కొల్లేటి యొడ్డున ఒక్క ఇంట పుట్టి, ఒక్క కుండలోని అన్నము తినిన అన్నదమ్ములలో ఒకడు గాలివానకు జంకక దోనె నెక్కును. వేరొకడు మబ్బు కనబడగనే యొడ్డు చేరును. ఇరువురును ఆరోగ్యవంతులే. మరి యీ భేద మెక్కడిది? ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతముల మా పెద్దలు "వాని తత్త్వ మది" యని యూరకుందురు. ఆ మాటకు వెనుక గొప్ప చరిత్ర కలదు.

వాత పిత్త కఫముల పాళ్లనుబట్టి మనుష్యుని ప్రకృతి గర్భమునందే యేర్పడునని చరకసంహిత చెప్పుచున్నది. గ్రీకు వైద్యులు నాలుగు రసములను చెప్పిరి. దేహమందలి ద్రవ్యమే స్వభావమునకు మూలమను నూహ ఉభయులకును సమానము. కాని ఆ ద్రవ్యములను కొలిచి చూపగలవారు నాడు లేరు.

కొలుచు విద్యను పెంపొందించినవారిలో మన సీమవా రొకరు కలరు. కొల్లేటికి తూర్పుననున్న భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, హార్వర్డునందు ఫిస్కేగారితో కూడి, 1925లో భాస్వరమును రంగునుబట్టి కొలుచు పద్ధతిని, 1927లో కండరములందలి ఫాస్ఫోక్రియాటిన్‌ను ప్రకటించిరి. మెదడునందును శక్తిని నిలువచేయు పదార్థ మిది. అయితే ధీరునకును పిరికివానికిని ఇది యుమ్మడి సొత్తు. భేదమునకు కారణమును వేరొకచోట వెదకవలసి వచ్చెను.

మన సర్పగంధ వేరునుండి 1952లో రిసర్పిన్ అను మందును వేరుచేసిరి. 1957లో స్వీడను దేశీయుడగు కార్ల్‌సన్ దానిని కుందేళ్ల కీయగా అవి చలనము లేక పడియుండెను. ఎల్-డోపా యీయగా మరల లేచి తిరిగెను. ఎల్-డోపా మెదడులో డోపమిన్‌గా మారును. ఇట్టి రసాయనములు నడవడిని మార్చునని తేటపడెను.

ఇక స్వభావమును గూడ వీనితోనే లెక్కింప వచ్చునని పలువురు తలచిరి. 1987లో అమెరికా వైద్యుడు క్లోనింజర్ క్రొత్తదనముపై మక్కువను డోపమిన్‌తోను, జంకును సెరొటోనిన్‌తోను ముడివేసెను. 1996లో డోపమిన్‌కు సంబంధించిన జన్యు వొకదానికిని ఆ మక్కువకును సంబంధము కలదని ఇజ్రాయెలునందును, అమెరికాయందును ప్రకటించిరి. తరువాత ఇంకను పెక్కుమందిని పరీక్షింపగా ఆ సంబంధము నిలకడగా కనబడలేదు. స్వభావమునకు వేలకొలది జన్యువులు తలా కొంచెము తోడ్పడుననియు, పెంపకము, అనుభవము వానితో కలియుననియు నేటి శాస్త్రజ్ఞుల యభిప్రాయము.

కావున నా మనవి యిది. రసాయనములు లేని మనసు లేదు. కాని ఒక రసాయనమే ఒక గుణము కాదు. బడిలో మౌనముగా కూర్చుండు పిల్లవానిని నిన్న కఫప్రకృతి యని ముద్రవేసితిమి. నేడు సెరొటోనిన్ పేర ముద్రవేయుట జ్ఞానమనిపించుకొనదు. పేరు మారినంతమాత్రమున తీర్పు న్యాయము కాజాలదు. దోనె నెక్కువానిని, ఒడ్డు చేరువానిని వారి వారి పనులచే నెఱుగుటయే మనకు తగును.