యంత్రంతో పాటు వచ్చినది

కంప్యూటరు కొన్నవారిలో ఆపరేటింగ్ సిస్టమ్‌ను తామై ఎంచుకున్నవారు బహుకొద్దిమంది. పెట్టె తెరిచి మీట నొక్కితే ఏది కనబడిందో దానితోనే అత్యధికుల జీవితం గడిచిపోతుంది. ఓపెన్ సోర్స్ మేలా, వాణిజ్య వ్యవస్థలు మేలా అన్న చర్చలో తరచుగా మరుగున పడేది ఈ సంగతే. ధర, వేగం, భద్రత అంటూ ఇరుపక్షాలవారూ పట్టికలు వేస్తారు. అసలు ఆ ఎంపిక వాడుకరి చేతిలో ఎప్పుడు ఉన్నదో చరిత్రను అడగరు.

సాఫ్ట్‌వేర్ మొదట అమ్మకపు సరుకు, ఆ తరువాత ఆదర్శవాదులు దానిని ఉచితం చేశారు అనుకోవడం పొరపాటు. జరిగినది దాదాపు తలకిందులు. ఐబీఎం యంత్రాలు వాడేవారు 1955లోనే ‘షేర్’ అనే సంఘం పెట్టుకొని ప్రోగ్రాములు ఇచ్చిపుచ్చుకునేవారు. యంత్రానికే వెల, ప్రోగ్రాము దానితో వచ్చేది. ఆ రెండింటినీ విడదీసి వెలకట్టే నిర్ణయాన్ని ఐబీఎం 1969లో ప్రకటించింది. అదే ఏడు బెల్ ప్రయోగశాలలో యూనిక్స్ పుట్టింది. దాని యజమాని ఏటీ అండ్ టీ 1956 నాటి న్యాయస్థానపు ఒడంబడిక వల్ల కంప్యూటరు వ్యాపారంలో దిగరాదు. అందుచేత యూనిక్స్ సోర్స్ కోడ్‌తో సహా స్వల్ప రుసుముకే విశ్వవిద్యాలయాలకు చేరింది. 1984లో ఆ సంస్థ విభజన జరిగి, పాత నిర్బంధం తొలగాక, యూనిక్స్ కూడా లైసెన్సుల చెర పాలయింది.

వాణిజ్యపక్షం వాదాన్ని తీసిపారేయడానికి వీలులేదు. 1976 ఫిబ్రవరిలో బిల్ గేట్స్ అభిరుచికొద్దీ కంప్యూటర్లు వాడేవారికి ఒక బహిరంగ లేఖ వ్రాశాడు. తమ బేసిక్‌ను అందరూ వాడుతూ కొనేవారు కొందరే అయితే, వృత్తినిపుణులు ఊరకే ఎందుకు పనిచేయాలన్నది అందులోని ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్నే. దానికి ఎదురుపక్షాన నిలిచిన రిచర్డ్ స్టాల్‌మన్ కథను శామ్ విలియమ్స్ ‘ఫ్రీ యాజ్ ఇన్ ఫ్రీడమ్’ అనే జీవితచరిత్రలో ఒక ప్రింటరుతో మొదలుపెడతాడు. ఎంఐటీ ప్రయోగశాలకు జిరాక్స్ కంపెనీ బహూకరించిన లేజర్ ప్రింటరులో కాగితం చిక్కుకుంటే ఆ కబురు వాడుకరులకు అందించే ఏర్పాటు చేయాలన్నది అతని కోరిక. పాత ప్రింటరుకు ఆ పని చేశాడు. కొత్తదానికి సోర్స్ కోడ్ ఇవ్వలేదు. 1983లో అతడు ప్రకటించిన గ్నూ ఉద్యమానికి మూలం డబ్బు కాదు, తన గదిలోని యంత్రాన్ని తాను బాగుచేసుకోలేని ఈ నిస్సహాయత. హెల్సింకీ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ 1991లో కేవలం సరదాకు మొదలుపెట్టిన కెర్నెల్ ఆ ఉద్యమానికి కొరవడిన భాగాన్ని సమకూర్చింది. ఇద్దరి స్వభావాలకూ పొసగకపోయినా రెండు పనులూ పొసగాయి.

అయితే ఇల్లాలికో, గుమాస్తాకో, విద్యార్థికో ఇదంతా చేరలేదు. అప్పటికే ఎంఎస్-డాస్‌కు, తరువాత విండోస్‌కు దారి సుగమమైంది. తయారీదారులు అమ్మే ప్రతి యంత్రానికీ, అందులో ఏ వ్యవస్థ ఉన్నా సరే, మైక్రోసాఫ్ట్‌కు రుసుము కట్టే ఒప్పందాలు ఉండేవి. వేరొకటి పెడితే రెండుసార్లు చెల్లించినట్లే. 1994లో అమెరికా న్యాయశాఖ జోక్యంతో ఆ పద్ధతి ఆగింది, కాని అలవాటు అప్పటికే పాతుకుపోయింది. మ్యూనిక్ నగరపాలక సంస్థ ఆ అలవాటును ఎదిరించి చూసింది. 2003లో లినక్స్ వైపు మొగ్గినప్పుడు మైక్రోసాఫ్ట్ అధినేత స్టీవ్ బామర్ స్వయంగా వెళ్ళి మేయరును కలుసుకున్నాడు. అయినా దాదాపు 15,000 కంప్యూటర్లు మారాయి. 2017లో అదే నగరసభ తిరిగి విండోస్‌కు వెళ్ళాలని తీర్మానించింది. బయటినుంచి వచ్చే పత్రాలు సరిగా తెరుచుకోవన్న ఫిర్యాదు అంత బలమైనది. చుట్టూ ఉన్న లోకమంతా ఒక వ్యవస్థలో వ్రాస్తుంటే ఒంటరి స్వేచ్ఛకు దినదినమూ సుంకం చెల్లించాలి.

తెలుగు లిపి విషయం తీసుకుంటే తీర్పు ఇంకా చిక్కుపడుతుంది. 1991 నాటి మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకు చోటున్నా, పత్రికలు చాలాకాలం తమతమ సొంత ఖతులలో వెలువడేవి. ఒక పత్రిక ఖతిలో మరొకటి చదవబోతే చిత్తుగీతలే. సామాన్యుని తెరమీద యూనికోడ్ తెలుగును విస్తారంగా నిలిపినది, న్యాయంగా చెప్పాలంటే, విండోస్ ఎక్స్‌పీలోని ‘గౌతమి’ ఖతి. అదీ సిద్ధంగా ఉండేది కాదు. అమరికలలో ఒక గడిలో టిక్కు పెట్టి, మూల సీడీ వేసి, తెచ్చుకోవలసి వచ్చేది. సీడీ లేనివానికి తెలుగు లేదు. మరోవంక తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన ‘పోతన’, ‘వేమన’ ఖతులు స్వేచ్ఛా లైసెన్సుతో లినక్స్ పంపిణీలలో చేరాయి. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకు ‘పద్మ’ అనే అనుబంధం వచ్చి పత్రికల సొంత ఖతులను యూనికోడ్‌లోకి మార్చి చూపింది. హైదరాబాదులో ‘స్వేచ్ఛ’ సంస్థ తెలుగు లినక్స్‌కు పూనుకుంది. వీరెవ్వరూ ఏ కంపెనీ దయకోసమూ ఎదురుచూడనక్కరలేకపోయింది. మార్కెట్టు లెక్కలో తెలుగు ఎన్నో స్థానమన్న ప్రశ్నకు ఇక్కడ తావే లేదు.

వింత ఏమంటే, లినక్స్ చివరకు కోట్లమంది చేతికి చేరింది, ఆండ్రాయిడ్ ఫోను రూపంలో; మళ్ళీ యంత్రంతో పాటే! అక్కడ కెర్నెల్ బహిరంగమే, కాని పైనున్న సేవలు చాలావరకు గూగుల్‌వి, ఫోనుకు ఎన్నాళ్ళు మరమ్మతులు అందాలో నిర్ణయించేది తయారీదారు. స్టాల్‌మన్ ప్రింటరు ముందు నిలుచున్నట్లే వాడుకరి ఫోను ముందు నిలుచున్నాడు.

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 కోరే టీపీఎం 2.0 వంటి అర్హతలు లేని కంప్యూటర్లు పనిచేస్తూనే వృద్ధులైపోయాయి. వాటిలో చాలావాటిమీద ఉబుంటు గానీ మరొకటి గానీ హాయిగా నడుస్తుంది. ఒక పెన్‌డ్రైవ్, ఒక మధ్యాహ్నం, ఫైళ్ళను ముందుగా మరొక చోట దాచుకునే జాగ్రత్త చాలు. అంగడివాడు ఆ పని చేసిపెట్టడు. ఇంట్లో ఎవరో ఒకరు పూనుకోవాలి.